పుట్ అప్ ఉన్న ఫారం

మార్చి 3, సోమవారం

నేను అన్న ఇల్లు వదిలి వచ్చి ఇవాళ్టికి మూడు రోజులు. ఏడవలేదు. ఏడ్చానని ఎవరైనా అంటే పళ్ళు రాలగొడతాను.

వదిన ఫోన్‌లో ఆ రోజు తన ఆఫీసు స్నేహితురాలితో ఇంగ్లీషులో మాట్లాడుతోంది. నాకు అర్థం కాదనుకుంది. "వి హావ్ పుట్ అప్ విత్ హర్ ఫర్ త్రీ ఇయర్స్." హర్ అంటే నేనే. త్రీ ఇయర్స్ అంటే నేను ఆ ఇంట్లో ఉన్న మూడేళ్ళు. మధ్యలోదే అందలేదు. పుట్ అంటే పెట్టు. అప్ అంటే పైకి. విత్ అంటే తో. మూడేళ్ళుగా నాతో పైకి పెట్టారు. ఏం పెట్టారు? ఎక్కడ? అటక మీదా?

నా చిన్న డిక్షనరీ తీశాను. ఒకే ఒక్క మాట ఇచ్చాడు ఆ మహానుభావుడు: సహించు.

అంతే. బ్యాగు సర్దేశాను. అన్న గుమ్మంలో అడ్డం నిలబడి "ఎక్కడికే?" అన్నాడు. "నన్ను ఎవరూ సహించనక్కర్లేని చోటికి" అన్నాను. మాట బాగా వచ్చిందని మెట్లు దిగుతూ నాకే అనిపించింది. వీధి మలుపు తిరిగాక గానీ, అలాంటి చోటు ఒకటి ఉండాలి కదా అని తట్టలేదు.

బ్యాగుతోనే బైండింగ్ షాపుకి పనికి వచ్చాను. తాత నా బ్యాగు చూశాడు. ఒక్క ప్రశ్న అడిగితే ఒట్టు. సాయంత్రం తోలు చెక్కే కత్తిని గుడ్డతో తుడిచి, తోలు ఒరలో పెట్టి, ఒరని సొరుగులో పెట్టి, "మా ముందు గదిలో బల్ల ఖాళీగానే ఉంది. మామ్మ ఏమీ అనదు. గురక పెడతావా?" అన్నాడు.

"పెట్టను."

"ఆవిడ పెడుతుంది. ముందే చెప్తున్నా."

తాత నాకు చుట్టం కాదు. షాపులో పక్క పీట. నలభై ఏళ్ళుగా అక్కడే, కిటికీ దగ్గర. నేను వచ్చి నాలుగేళ్ళు. కుట్టడం ఆయనే నేర్పాడు. నాకు సూది అని పేరు పెట్టిందీ ఆయనే. కుడతానని పెట్టానంటాడు. గుచ్చుతానని పెట్టాడని కటింగ్ మెషిన్ నడిపే అన్న అంటాడు.


మార్చి 4, మంగళవారం

లైబ్రరీ వాళ్ళ పెద్ద ఇంగ్లీషు డిక్షనరీ వచ్చింది. పన్నెండు సంపుటాలు. ఒక్కోటి పసిపిల్లంత బరువు. వెన్ను ఊడిపోయి, దారాలు వేలాడుతూ, చూస్తే జాలేసింది. లైబ్రేరియన్ మేడం తోపుడు బండి వెనకాలే నడిచి వచ్చింది, ఆసుపత్రికి రోగిని తెచ్చినట్టు. "ఒక్క పేజీ అటూ ఇటూ కాకూడదు" అని ఓనరుకి నాలుగు సార్లు చెప్పింది.

పాతకుట్టు విప్పాలి, ఫారాలు విడదీయాలి, మళ్ళీ కుట్టాలి. పెద్ద కాగితం మడిస్తే పదహారు పేజీల ఫారం అవుతుంది. పుస్తకమంటే ఫారాల వరస. ఒక్కటి జారినా పుస్తకం కుంటిదవుతుంది.

ఈ డిక్షనరీ మాటకి అర్థం చెప్పి ఊరుకునే రకం కాదు. ఆ మాట మొదట ఎప్పుడు కనబడింది, అప్పుడేమన్నారు, తర్వాత ఏమన్నారు, ఎవరి నోట ఎలా మారింది, అన్నీ చెబుతుంది. మాటలకి జాతకాలు రాసి పెట్టారన్నమాట. పది పాసై ఆపేసిన దాన్ని, షాపులో మిగిలిన కాగితాలు చదివి ఇంగ్లీషు పట్టిన దాన్ని, నా ఒళ్ళో ఇలాంటిది పెట్టి కుట్టమంటే ఎలా కుడతాను?

చదువుతుంటే ఓనరు చూశాడు. "నిన్ను పెట్టుకుంది కుట్టడానికమ్మా, చదవడానికి కాదు. ఇది రెండోసారి చెప్పడం. మూడోసారి చెప్పను."

నాతో పెట్టుకోవద్దు అని నోటిదాకా వచ్చింది. తాత నా కాలు తొక్కాడు.


మార్చి 5, బుధవారం

పాతకుట్టు విప్పుతుంటే తాత పిలిచి చూపించాడు. ఒక ఫారం మడత లోపల, సరిగ్గా దారం పోయే చోట, పెన్సిలుతో సన్నగా ఏదో రాసి ఉంది. ఇంగ్లీషు. "చదివి పెట్టవే." ఆయనకి తెలుగు తప్ప రాదు. నలభై ఏళ్ళు ఇంగ్లీషు పుస్తకాలు కుట్టాడు, ఒక్క ముక్క చదవకుండా.

చదివాను. "దారం బాగోలేదు. నన్ను తిట్టుకోకు."

తాత పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ పుస్తకాన్ని ఎప్పుడో కుట్టినవాడు తర్వాత విప్పేవాడికి రాసుకున్న ఉత్తరమట అది. పుస్తకం కుట్టాక మడతలో రాసింది ఎవరికీ కనబడదు. మళ్ళీ విప్పిన వాడికే. "చదివేవాళ్ళకి పుస్తకం ముందు వైపు. మనకి వెనక వైపు" అన్నాడు.

"నువ్వూ రాస్తావా తాతా?"

"అవసరమైతే."


మార్చి 6, గురువారం

పి సంపుటం విప్పాము. పుట్ అన్న మాట ఎన్ని పేజీలు తింటుందో నాకు తెలియదు. ఎన్నని! పుట్ డౌన్, పుట్ ఆఫ్, పుట్ అవుట్, పుట్ ఓవర్. ఒక్క పుట్ అప్‌కే యాభై పైన అర్థాలు. దాదాపు మొత్తం ఒక్క ఫారంలో సర్దుకుంది.

ఆ ఫారం ఇంటికి తెచ్చాను. దొంగతనం కాదు. ఆ సంపుటం కుట్టేసరికి ఇంకా మూడు రోజులు పడుతుంది. రాత్రి చదివి ఉదయాన్నే మళ్ళీ వరసలో పెడితే ఎవరికేం నష్టం? చేతులు సబ్బుతో కడుక్కునే ముట్టుకున్నాను. పరుపు కిందైతే నలుగుతుందని దిండు కింద పెట్టాను.

రేపు పెట్టేస్తాను.


మార్చి 7, శుక్రవారం

వదిన అన్న ఆ ఒక్క ముక్కకి ఇంకేదైనా అర్థం ఉంటుందేమోనని చూస్తున్నాను. ఉండాలి. యాభై ఉన్నాయిగా.

ఉంది! పుట్ అప్ అంటే బస ఇవ్వడం. సత్రంలో గుర్రాన్ని లోపల కట్టేయడం కూడా పుట్ అప్పేనట. అయితే మూడేళ్ళు నాకు బస ఇచ్చామని వదిన అని ఉండవచ్చు. అది తిట్టు కాదు కదా. అయితే నేను ఊరికే...

కాదు. అక్కడ విత్ ఉండదు. విత్ తగిలించుకుందంటే అది సహించడమే.

తాతకి ఈ బస సంగతి చెప్పాను. "నేనూ నిన్ను పుట్ అప్ చేశానన్నమాట" అన్నాడు. "నీ చిన్న డిక్షనరీలో ఇంత రాశాడా?"

"రాశాడు."

"ఊ" అన్నాడు.

రేపు పెట్టేస్తాను.


మార్చి 8, శనివారం

వేటకుక్క పొదలోంచి పిట్టని లేపితే పుట్ అప్. పళ్ళు సీసాల్లో పెట్టి దాస్తే పుట్ అప్. ఒకడిని ఎగదోస్తే పుట్ అప్, దాని వెనక టు. పోటీకి నిలబెడితే పుట్ అప్. ఒక్క మాట ఇన్ని పనులు చేస్తే అలిసిపోదా?

మన పెట్టు మాత్రం? అన్నం పెట్టు. పేరు పెట్టు. చెవిన పెట్టు. మనసు పెట్టు. శాపం పెట్టు. నాతో పెట్టుకోకు. గురక పెట్టు, ఇది మామ్మకి. మన వాళ్ళెవరూ ఈ పెట్టుకి ఒక ఫారం కేటాయించి జాతకం రాయలేదని కోపం వచ్చింది. నాకు దేనికైనా వస్తుంది, అది వేరే సంగతి.

రేపు ఆదివారం. ఎల్లుండి పెట్టేస్తాను.


మార్చి 10, సోమవారం

ఫారం బ్యాగులో పెట్టుకుని వెళ్ళాను. ఒట్టు, పెట్టుకునే వెళ్ళాను.

పి సంపుటం అప్పటికే చెక్క ప్రెస్సులో బిగించి ఉంది. శనివారం నన్ను కాగితం తేవడానికి బయటికి పంపినప్పుడు తాత కుట్టేశాడట. ఓనరు తొందర పెట్టాడట. జిగురు కూడా పట్టించేశారు.

నా ఫారం లేకుండానే కుట్టాడు. బొటనవేలు ఆనించి ఫారాలు లెక్కపెట్టే మనిషి, నలభై ఏళ్ళలో ఒక్కటి తప్పనివాడు, చూసుకోలేదా? ఆయన చూసుకుని ఉంటే ఈ గొడవ ఉండేది కాదు కదా. సగం తప్పు ఆయనదే.

సగం కాకపోయినా కొంత.

రేపు చెబుతాను.


మార్చి 11, మంగళవారం

అన్న షాపు గేటు దగ్గర నిలబడ్డాడు. నేను బయటికి పోలేదు. నా స్వెటర్ గేటుకి తగిలించి వెళ్ళాడు. వదిన ఉతికిన వాసన.


మార్చి 12, బుధవారం

చెబుదామని తాత పీట దగ్గరికి వెళ్ళేసరికి లైబ్రేరియన్ మేడం వచ్చింది. ఎవరో పెద్దవాళ్ళు లైబ్రరీ చూడటానికి వస్తున్నారట, అయినంతవరకు ఇవ్వమంది. ఓనరు మూడు సంపుటాలు బండి ఎక్కించాడు. అందులో పి ఒకటి.

తాత లేచి "సార్, అది ఇంకా ఆరలేదు, శుక్రవారం దాకా ఉంచండి" అన్నాడు.

"ఆరింది పెద్దాయనా, నేను చూశాగా."

బండి వీధి మలుపు దాటేదాకా తాత కిటికీలోంచి చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. నేను సూదిలో దారం ఎక్కిస్తున్నాను. మూడు సార్లు తప్పింది.


మార్చి 13, గురువారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మేడం పి సంపుటాన్ని సంకలో పెట్టుకుని వచ్చింది. బల్ల మీద పెట్టి తెరిచింది. ఒక పేజీ వరకు అచ్చు. తర్వాత తెలుపు. పదహారు పేజీలు తెల్లగా. తర్వాత మళ్ళీ అచ్చు.

"ఇదేమిటి?" అంది.

అట్టకీ పుస్తకానికీ మధ్య వేసే తెల్ల కాగితాలు మా దగ్గర కట్టలుగా ఉంటాయి. అందులోంచి ఒక తెల్ల ఫారం పుట్ ఉండాల్సిన చోట చేరింది.

ఓనరు తాత వైపు తిరిగాడు. "తెల్ల ఫారానికీ అచ్చు ఫారానికీ తేడా తెలియలేదా పెద్దాయనా?"

తాత లేచి నిలబడ్డాడు. చేతులు కట్టుకున్నాడు, ఎప్పుడూ కట్టుకోని మనిషి. "తెలియలేదు సార్. ఈ మధ్య కళ్ళు ఆనడం లేదు."

"అసలు ఫారం ఏది?"

"చెత్తలో పోయి ఉంటుంది సార్. నాదే తప్పు."

మేడం కుర్చీలో కూలబడింది. వేరే లైబ్రరీ నుంచి జిరాక్స్ తెచ్చి అతికిస్తామని ఓనరు అంటే, "మనిషికి కాలు పోతే ఫోటో అతికిస్తారా?" అంది. మిగతా సంపుటాలు ఇక్కడ ఉంచాలంటే చివర్లో సరిచూసే మనిషిని మార్చమంది.

మార్చాడు. కిటికీ పీట ఇక కటింగ్ అన్నకి. తాత వెనక రేకుల షెడ్డులో జిగురు కలపాలి. నెలాఖరుకి ఇంటికి. "విశ్రాంతి తీసుకోండి" అన్నాడు ఓనరు. నిజానికి ఆ మాట అంటుంటే ఓనరు గొంతు కూడా బాగోలేదు.

కటింగ్ అన్న గొణిగాడు: "ముసలాయన అయిపోయాడు పాపం."

"నోరు ముయ్యి అన్నా! నాతో పెట్టుకోకు."

"నిన్నేమన్నానే?"

ఏమీ అనలేదు. నన్నెవరూ ఏమీ అనలేదు. ఫారం ఆ నిమిషంలో నా బ్యాగులో ఉంది, బ్యాగు నా కాళ్ళ దగ్గర ఉంది. తీసి ఇస్తే మూడోసారి. మూడోసారి చెప్పనన్నాడు ఓనరు. పని పోతే మళ్ళీ అన్న ఇంటికే. మళ్ళీ సహించబడాలి.

అదీ గాక, తెల్ల ఫారం కలిసిందంటే తాత కళ్ళు నిజంగానే పోతున్నాయి. నేను తెచ్చినా తేకపోయినా ఎప్పుడో ఒకప్పుడు ఇది జరిగేదే.

ఈ వాక్యం రెండుసార్లు చదువుకున్నాను. బాగానే ఉంది.


మార్చి 14, శుక్రవారం

బాగోలేదు.


మార్చి 15, శనివారం

మామ్మకి తెలిసింది. కటింగ్ అన్న భార్య కూరగాయల కొట్టు దగ్గర చెప్పిందట. తాత ఇంటికి రాగానే కుర్చీ లాగి దీపం కింద కూర్చోబెట్టి, వేళ్ళు చూపించింది.

"ఎన్ని?"

"మూడు."

"ఇప్పుడు?"

"అది వేలు కాదు, గరిటె."

"మరి కనబడుతోందిగా!"

"గరిటెలు కనబడతాయే. కాగితాలే కనబడవు."

మామ్మ నన్ను వంటగదిలోకి పిలిచింది. చేతిలో గరిటె అలాగే ఉంది. "నువ్వు పక్కనే కూర్చుంటావు కదమ్మా. నిజం చెప్పు. ఆయనకి నిజంగా కనబడటం లేదా?"

"కొంచెం మసక, అంతే మామ్మా."

ఇంత పచ్చి అబద్ధం నేను అన్నతో కూడా ఆడలేదు.

రేపు చెబుతాను.


మార్చి 16, ఆదివారం

ఉదయం తాత తన కత్తిని షాపు నుంచి తెచ్చుకుని, మెట్ల మీద కూర్చుని నూరుతున్నాడు. జిగురు కలిపేవాడికి తోలు కత్తి ఎందుకని అడగలేదు. పక్కన కూర్చున్నాను. చెప్పడానికే కూర్చున్నాను. నోట్లోంచి మాత్రం వేరేది వచ్చింది.

"తాతా, ఆ పుట్ అప్ ఉంది చూడు. వెనకటికి దానికి అసలు అర్థం ఏమిటో తెలుసా? దూసిన కత్తిని మళ్ళీ ఒరలో పెట్టడం. ఇద్దరు కొట్టుకుంటుంటే పెద్దమనిషి మధ్యలోకి వచ్చి కత్తులు పుట్ అప్ చేయండిరా అనేవాడు."

కత్తి ఆపాడు. "ఆహా?"

"తర్వాత అవమానాన్ని కూడా పుట్ అప్ చేయడం మొదలెట్టారు. జేబులో పెట్టుకోవడం అన్నట్టు. నాలుగు వందల ఏళ్ళ కిందటి మాట. అప్పుడు విత్ లేదు. విత్ చాలా తర్వాత వచ్చి అంటుకుంది. అదే ఇప్పటి సహించడం."

తాత కత్తిని తుడిచాడు. ఒరలో పెట్టాడు. చప్పుడు లేదు, తోలుకి తోలు తగిలినట్టు. "అయితే ఓర్పు కూడా ఒరలోంచే వచ్చిందేమో."

"అలా చెప్పేయకూడదు తాతా. మాటల పుట్టుక చూసి చెప్పాలి. చెవికి ఒకేలా ఉంటే చాలదు."

"నాకు చాలు. మనమేమంటాం? దిగమింగు అంటాం. వాళ్ళు పైకి పెట్టుకుంటే మనం కిందికి మింగుతాం. ఎక్కడ పెట్టినా అదే కత్తి కదే." ఒరని పక్కన పెట్టి, "కడుపులో పెట్టుకో అని కూడా అంటాం" అన్నాడు.

 చెప్పాల్సింది అప్పుడే. మామ్మ లోపలి నుంచి టీ అని కేక వేసింది. లేచిపోయాను.

ఒక సంగతి మాత్రం తెలిసింది, రాసుకుంటాను. ఒరలో పెట్టాలంటే ముందు చేతిలో కత్తి ఉండాలి. కత్తి లేనివాడు పుట్ అప్ చేయలేడు. వదిన మూడేళ్ళు నన్ను పుట్ అప్ విత్ చేసిందంటే... నేను ఆ ఇంట్లో విసిరిన కంచాలు, వేసిన తలుపులు, తన పెళ్ళి ఫోటో చూసి నేను అన్న మాట. ఆమె దగ్గరా ఉండే ఉంటుంది కత్తి. నేను ఎప్పుడూ చూడలేదు.


మార్చి 17, సోమవారం

అక్షరాలు ఎలా వస్తే అలా రాస్తున్నాను.

పి సంపుటం విప్పమని ఓనరు నాకిచ్చాడు. తెల్ల ఫారం తీసేసి ఖాళీ ఉంచాలట, జిరాక్స్ సంగతి తర్వాత. వెన్ను తడిపి జిగురు గీకాను. దారం కోశాను. తెల్ల ఫారం చేతిలోకి వచ్చింది. మధ్య మడత తెరిచాను, దారం ముక్కలు తీయడానికి.

మడతలో, దారం పోయే చోట, పెన్సిలు రాత. తెలుగు. తాత రాత, గుండ్రంగా, ప్రతి అక్షరం పీట మీద కూర్చున్నట్టు.

"ఈ ఫారం సూది దగ్గర ఉంది. తెస్తుంది."

అంతే. ఇంకేమీ లేదు.

ఆయన కళ్ళకేమీ కాలేదు. లెక్క తప్పలేదు. వరసలో ఒకటి లేదని చూశాడు, ఏది లేదో చూశాడు, ఎవరి దగ్గర ఉందో తెలుసుకున్నాడు. నా ఫారానికి చోటు ఉంచి కుట్టాడు. నేను తెస్తే విప్పి పెట్టడానికి. ఒకవేళ తను లేకపోతే విప్పేవాడికి చెప్పడానికి. నా మీద ఫిర్యాదు కాదు అది. పుస్తకానికి ధైర్యం చెప్పడం.

నేను పది రోజులుగా ఏం రాసుకున్నానో వెనక్కి తిప్పి చూసుకున్నాను. సగం తప్పు ఆయనదే అట. చింపేద్దామనుకున్నాను. చింపను. ఉండనీ.


మార్చి 18, మంగళవారం

రేపు అనలేదు. ఇవాళే చెప్పాను.

మేడం పని చూడటానికి పదకొండుకి వచ్చింది. ఓనరు, కటింగ్ అన్న ఇద్దరూ ఉన్నారు. బ్యాగులోంచి ఫారం తీసి బల్ల మీద పెట్టాను. "పోలేదు. నేనే తీసుకెళ్ళాను. చదవడానికి. తాత కళ్ళు బాగానే ఉన్నాయి."

 మేడం ఫారం తీసుకుని, ఒక్కో మూల వేలితో తడిమింది. మరక కోసం వెలుతురుకి పట్టి చూసింది.

"చేతులు కడుక్కునే ముట్టుకున్నావా?"

"మామ్మ సబ్బుతో."

"దొంగతనం దొంగతనమే."

"అవునండి."

"మొత్తం చదివావా?"

"పుట్ అప్ నాలుగుసార్లు. పుట్ అవుట్ ఒకసారే."

ఆమె పెదవి ఒక పక్క కదిలింది. అది నవ్వు అని నేను అనను. "లైబ్రరీ ఆదివారం కూడా తెరిచే ఉంటుంది. అక్కడ బల్లలు ఉంటాయి, కుర్చీలు ఉంటాయి. పుస్తకాన్ని ముక్కలు చేసి మోసుకుపోనక్కర్లేదు."

ఓనరుకి నవ్వు రాలేదు. మొహం ఎర్రబడింది. "పెద్దాయన్ని అందరి ముందూ నిలబెట్టాను నీ వల్ల! రేపటి నుంచి నువ్వు రానక్కర్లేదు."

నాకు కోపం రాలేదు. వచ్చింది గానీ నా మీదే, ఆయన మీద కాదు. సూది, దారం, బొటనవేలి తోలు తొడుగు అన్నీ తీసి బల్ల మీద పెట్టాను.

అప్పుడు వెనక షెడ్డు తలుపు దగ్గర తాత. మోచేతుల దాకా జిగురు. ఎప్పటి నుంచి వింటున్నాడో.

"సార్, అది పోతే నా కళ్ళు మళ్ళీ పోతాయి."

ఓనరు తెల్లబోయాడు. "అంటే మీ కళ్ళు బాగున్నాయా లేదా?"

"అది ఉంటే బాగుంటాయి సార్."

కటింగ్ అన్న మెషిన్ వెనక్కి వంగి దగ్గు వచ్చినట్టు నటించాడు. మేడం పైటతో నోరు కప్పుకుంది. ఓనరు ఒకసారి తాత వైపు, ఒకసారి నా వైపు, ఒకసారి పైకప్పు వైపు చూశాడు. "మీ ఇద్దరితో నేను పెట్టుకోలేను" అన్నాడు చివరికి. నా మాట! నా మాట వాడుకున్నాడు!

తీర్పు ఇది: తాతకి కిటికీ పీట. పన్నెండు సంపుటాలూ అయ్యేదాకా నాకు జిగురు షెడ్డు. కుట్టు ముట్టుకోకూడదు, ఒక్క ఫారం తప్ప.

ఆ ఒక్క ఫారం నేనే కుట్టాను. తాత పక్కన కూర్చుని దారం బిగి చూశాడు. మొదటి ముడి వేస్తూ, ఎవరికీ వినబడకుండా అడిగాను.

"తెలిస్తే ఎందుకు అడగలేదు తాతా?"

"అడిగితే ఇచ్చేస్తావు. చదవడం అవ్వాలిగా."

"నీ పీట పోయింది."

"తెస్తావని రాశాను కదా."

"తేకపోతే?"

"నాలుగేళ్ళుగా చూస్తున్నా. నువ్వు ఆలస్యంగా తెస్తావు గానీ..." ఆపేసి, దారం లాగి చూశాడు. "ఇక్కడ వదులుగా ఉంది. మళ్ళీ కుట్టు."

"కడుపులో పెట్టుకో తాతా."

"ఎప్పుడో పెట్టాను. మామ్మకి మాత్రం నువ్వే చెప్పు. ఆ గరిటె నా వల్ల కాదు."


మార్చి 19, బుధవారం

మామ్మకి చెప్పాను. గరిటెతోనే కొట్టింది. గట్టిగా కాదు. తర్వాత అదే గరిటెతో వడ్డించింది.


మార్చి 21, శుక్రవారం

జిగురు. జిగురు. జుట్టులో జిగురు. కటింగ్ అన్న షెడ్డు ముందు నుంచి పోతూ "ఏంటమ్మా సూదీ, అంటుకుపోయావా?" అంటాడు. దీనికి బదులు నాలుగు మాటలు తయారుగా ఉన్నాయి. ఒరలో పెట్టాను. జిగురు పని అయ్యాక దూస్తాను.


మార్చి 23, ఆదివారం

ఉదయం లైబ్రరీకి వెళ్ళి పి సంపుటం బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. నా ఫారం దగ్గర తెరుచుకుంది. కొత్త కుట్టు కదా, అక్కడ ఇంకా బిగువుగా ఉంది. మేడం దూరం నుంచి నా చేతులు చూసింది. ఎత్తి చూపించాను, రెండు వైపులా.

అక్కడి నుంచి అన్న ఇంటికి. తలుపు వదినే తీసింది. ఇద్దరం గుమ్మంలోనే నిలబడ్డాం. నేను సిద్ధం చేసుకున్నదంతా ఎగిరిపోయింది.

"పుట్ అప్ విత్ అన్నావు" అన్నాను.

వదిన మొహం పాలిపోయింది. "నీకు... విన్నావా?"

"విన్నాను. డిక్షనరీ కూడా చూశాను. పెద్దది. పూర్వం అది కత్తిని ఒరలో పెట్టడం వదినా. మూడేళ్ళు ఒరలో పెట్టావు. నేను రోజూ దూసేదాన్ని."

"కత్తేమిటే? నా దగ్గర గరిటె తప్ప ఏమీ లేదు."

వీళ్ళందరూ గరిటెలే పట్టుకుంటారేమిటో. నవ్వొచ్చింది, దాంతోపాటే ఇంకోటి కూడా వచ్చింది. ఏడ్చానని ఎవరైనా అంటే అననివ్వండి.

తర్వాత వదిన అసలు సంగతి చెప్పింది. ఆ వాక్యానికి ముందు ఇంకో వాక్యం ఉందట, నేను విననిది. తనకి వేరే ఊళ్ళో ఉద్యోగం వస్తే వద్దందట. ఆడపిల్ల ఇంట్లో ఉంది, దాన్ని వదిలి ఎలా పోతాం, మూడేళ్ళు భరించాం, ఇంకో మూడేళ్ళు భరిస్తాం అని. భరించాం అన్నది మాత్రం నిజమేనంది. "తలుపులు అంత గట్టిగా ఎవరైనా వేస్తారా?"

వేయకూడదు. బస తాత ఇంట్లోనే. కానీ ఆదివారాలు ఇక్కడ అన్నం. స్వెటర్ ఉతకడానికి ఇచ్చి వచ్చాను.


మార్చి 24, సోమవారం

పాత కాగితాలు అయిపోయాయి. ఇది తెల్ల ఫారం మీద రాస్తున్నాను. పుట్ ఉండాల్సిన చోట పదిరోజులు కూర్చున్న ఆ తెల్ల ఫారం. తాత ఇచ్చాడు. "పదహారు పేజీలు. కోపం మొత్తం పడుతుందా?" అన్నాడు. పట్టదన్నాను.

మధ్య మడతలో ఆయన పెన్సిలు రాత అలాగే ఉంది. చెరపలేదు. దాని మీదుగా ఏదీ రాయను. దాని కింద మాత్రం ఒక్క మాట చేర్చాను. దారం వేసి కుట్టేస్తే ఇక ఎవరికీ కనబడదు, ఎప్పుడైనా విప్పేవాడికి తప్ప.

"ఈ ఫారం సూది దగ్గర ఉంది. తెస్తుంది."

తెచ్చింది.